ప్రజలంటే ఎవరు? హోవర్డ్ జిన్ చరిత్రలో రంగు గీత

మన స్కూలు పుస్తకాల్లో అమెరికా చరిత్ర కొలంబస్‌తో మొదలై, వాషింగ్టన్ మీదుగా లింకన్ దగ్గరికి చేరుతుంది. దారిలో చచ్చినవాళ్ళు, చాకిరీ చేసినవాళ్ళు లెక్కలోకి రారు. 1980లో వెలువడిన హోవర్డ్ జిన్ పుస్తకం ‘ఎ పీపుల్స్ హిస్టరీ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’ ఈ వరసను తిరగేసింది. కొలంబస్ రాకను ఒడ్డున నిలబడి చూసిన అరావాక్ ప్రజల వైపు నుంచి చెప్పింది. జిన్ గదిలో కూచుని రాసిన మనిషి కాదు. 1956 నుంచి 1963 దాకా అట్లాంటాలో నల్లజాతి స్త్రీలు చదివే స్పెల్మన్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. విద్యార్థినుల పోరాటం పక్షాన నిలబడి ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

కాబట్టి ఆయన నిజాయితీ మీద మాకు అనుమానం లేదు. మా పేచీ పుస్తకం పేరులోనే ఉన్న ‘ప్రజలు’ అనే మాటతో. వలస స్థావరాల కాలం నుంచి పందొమ్మిదో శతాబ్దపు సంస్కరణోద్యమాల దాకా నడిచే అధ్యాయాలను, ఇందులో ప్రజలంటే ఎవరు అనే ఒక్క ప్రశ్నతో చదవదలిచాం.

ముందు ఈ పుస్తకం మనకిచ్చినదేమిటో చెప్పుకోవాలి. రంగు ద్వేషం మనుషులకు పుట్టుకతో వచ్చింది కాదనీ, చట్టాలు చేసి దాన్ని పెంచారనీ జిన్ వర్జీనియా ఉదాహరణతో చూపిస్తాడు. 1619లో మొదటి ఆఫ్రికన్లను అక్కడికి తెచ్చారు. పొగాకు తోటల్లో వాళ్ళ పక్కనే, ఇంగ్లండు నుంచి ఒప్పందం మీద వచ్చిన తెల్ల జీతగాళ్ళూ పనిచేసేవాళ్ళు. కలిసి పారిపోయిన సందర్భాలున్నాయి. 1676లో నేథనియల్ బేకన్ తిరుగుబాటులో కలిసి ఆయుధాలు పట్టారు. చివర్లో ఆయుధాలు అప్పగించమంటే ససేమిరా అన్న గుంపులో 80 మంది నల్లవాళ్ళు, 20 మంది ఇంగ్లీషువాళ్ళు ఉన్నారు. తోటల యజమానులకు ముచ్చెమటలు పట్టించింది ఈ కలయికే. అప్పటికే, 1662లో, బిడ్డకు తల్లి స్థితే వర్తిస్తుందని చట్టం వచ్చింది. బానిస కడుపున పుట్టిన బిడ్డ, కన్నతండ్రి ఆ యజమానే అయినా సరే, బానిసే. 1705 నాటికి బానిస చట్టాలన్నీ ఒకచోట చేరి గట్టిపడ్డాయి. పుట్టుకతోనే బతుకు తేలిపోవడం అంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు వివరించక్కర్లేదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. జిన్ వివరణలో బరువంతా పాలకుల ఎత్తుగడ మీద పడుతుంది. పేద తెల్లవాణ్ణీ నల్లవాణ్ణీ విడదీసి ఇద్దరినీ దోచుకునే ఉపాయం అది అంటాడు. ఉపాయమన్న మాట నిజమే. కాని అంతటితో ఆగితే పేద తెల్లవాడు వట్టి మోసపోయిన అమాయకుడుగా మిగులుతాడు. 1705 చట్టాలనే చూడండి. గడువు తీరిన తెల్ల జీతగాడికి పది బుషెళ్ళ మొక్కజొన్న, ముప్పై షిల్లింగులు, ఒక తుపాకి ఇవ్వాలన్నారు. యాభై ఎకరాల భూమి కూడా దక్కాలన్నారు. ఇవన్నీ జిన్ తన పుస్తకంలో రాసినవే. అదే ఏడాది చట్టంలో ఇంకో ఏర్పాటుంది. బానిసలు పెంచుకుంటున్న గుర్రాలు, పశువులు, పందులను లాక్కుని అమ్మి, వచ్చిన డబ్బు ఆ పారిష్‌లోని పేదలకు వాడమన్నారు. ఆ పేదలు ఆచరణలో తెల్ల పేదలే. తెల్లవాడి మీద చెయ్యెత్తిన బానిసకు ముప్పై కొరడా దెబ్బలు. ఇందులో భ్రమ ఎక్కడుంది? భూమి ఉంది, తుపాకి ఉంది, ఎదుటివాడు తిరిగి కొట్టలేడనే భరోసా ఉంది. నల్లవాడి పందిని అమ్మిన సొమ్ము తెల్ల పేదవాడి కంచంలోకి వచ్చింది. రంగు గీతను గీసింది యజమానులే. కాపలా కాసినవాళ్ళకు మాత్రం కూలి ముట్టింది.

ఆ యాభై ఎకరాలు ఎవరివి? మూలవాసులవి. బేకన్ తిరుగుబాటు మొదలైందే, గవర్నరు బర్క్‌లీ మూలవాసుల మీద గట్టిగా దాడి చెయ్యడంలేదన్న కోపంతో. బేకన్ మనుషులు తమతో స్నేహంగా ఉన్న ఆకనీచీలను, పమంకీలను కూడా చంపారు. జిన్ ఈ సంగతి దాచలేదు. వ్యవహారం సంక్లిష్టమైనదని ఒప్పుకుని ముందుకు సాగిపోయాడు. మేం అక్కడే ఆగమంటున్నాం. తెలుపూ నలుపూ కలిసిన ఆ ఐక్యత మూడోవాడి శవం మీద నిలబడింది. అట్లాంటి ఐక్యతను ప్రజల ఐక్యత అనగలమా?

పందొమ్మిదో శతాబ్దంలో ఇదే లెక్క ఓటు దగ్గర తిరిగొచ్చింది. 1821లో న్యూయార్క్ రాష్ట్రం తెల్ల మగవాళ్ళకు ఆస్తి అర్హతను దాదాపు ఎత్తేసింది. నల్ల మగవాడికి మాత్రం 250 డాలర్ల ఆస్తి ఉండాలంది. 1838లో పెన్సిల్వేనియా నల్లవాళ్ళ ఓటును పూర్తిగా తీసేసింది. అదే ఏడాది సైన్యం చెరోకీలను వాళ్ళ నేల నుంచి పడమటికి తరిమింది. దారిలో, శిబిరాల్లో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. సామాన్యుడి ప్రజాస్వామ్యంగా పేరుపడిన కాలం ఇదే. డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1935లో ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్’ రాస్తూ, అంతర్యుద్ధం తర్వాతి దక్షిణాదిలో తెల్ల కూలీకి డబ్బు తక్కువైనా గౌరవం రూపంలో అదనపు కూలి ముట్టిందని తేల్చాడు. జిన్ డుబోయిస్‌ను చదివినవాడే. కాని ఈ సూత్రాన్ని వర్జీనియా దాకా వెనక్కి నడిపించలేదు.

ఇక సంస్కరణ. బానిసత్వ నిర్మూలన ఉద్యమానికి నల్లవాళ్ళే వెన్నెముక అని జిన్ స్పష్టంగా చెప్తాడు. గారిసన్ 1831లో ‘లిబరేటర్’ పత్రిక పెట్టకముందే, 1827లో న్యూయార్క్‌లో నల్లవాళ్ళు తమ సొంత పత్రిక ‘ఫ్రీడమ్స్ జర్నల్’ నడిపారు. 1829లో డేవిడ్ వాకర్ తన కరపత్రం అచ్చేశాడు. లిబరేటర్‌కు తొలి ఏళ్ళలో చందా కట్టినవాళ్ళలోనూ ఎక్కువమంది నల్లవాళ్ళే. 1838లో బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్, కొన్నేళ్ళకు సభల్లో మాట్లాడడం మొదలుపెట్టాడు. నీకు జరిగింది చెప్పు చాలు, సిద్ధాంతం సంగతి మేం చూసుకుంటాం అని తెల్ల మిత్రులు తనకు చెప్పారని 1855 నాటి ఆత్మకథలో రాసుకున్నాడు. అనుభవం నీది, ఆలోచన మాది! మన సభల్లో, సెమినార్లలో ఈ పంపకం ఎన్నిసార్లు చూడలేదు? డగ్లస్ 1847లో సొంత పత్రిక పెట్టుకున్నాడు. గారిసన్‌తో తెగతెంపులకు అదీ ఒక కారణమైంది.

ఇంత తెలిసిన జిన్ కూడా సోజర్నర్ ట్రూత్ దగ్గర జారిపోయాడు. 1851లో ఏక్రన్ మహిళా సభలో ఆమె మాట్లాడిందంటూ ఆయన తీసుకున్నది, తెల్ల స్త్రీ ఫ్రాన్సెస్ గేజ్ 12 ఏళ్ళ తర్వాత, 1863లో రాసిన పాఠాన్ని. గేజ్ ఆమె నోట దక్షిణాది బానిసల యాస పెట్టింది. ట్రూత్ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో, ఆమె మొదటి భాష డచ్చి. 1851లోనే పత్రికలో అచ్చయిన నివేదికలో ఆ ప్రసిద్ధ పల్లవి అసలు లేదని తర్వాతి పరిశోధకులు చూపించారు. అట్టడుగు గొంతు వినిపించాలనుకున్న పుస్తకంలోకీ ఇంకొకరి రాతే వచ్చి కూచుంది. ఆ గొంతు ఎవరి చేతుల మీదుగా మన దాకా వచ్చిందో అడగకపోతే ఇట్లాగే అవుతుంది.

ఈ చరిత్ర మనకెందుకు? సంబంధం పాతది. జోతిబా ఫూలే 1873లో ‘గులాంగిరి’ని, బానిసత్వం రద్దుచేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. అప్పటికి అక్కడ నల్ల మగవాళ్ళకు ఓటుంది, 1870లోనే హైరం రెవెల్స్ సెనేట్‌లో అడుగుపెట్టాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1877లో, కేంద్రం దక్షిణాది నల్లవాళ్ళను వాళ్ళ ఖర్మకు వదిలేసింది. 1946లో ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్ళు పెట్టుకున్న విన్నపం ప్రతి కావాలంటూ డా. అంబేద్కర్ ఉత్తరం రాసింది డుబోయిస్‌కు. చిరునామా మారింది, గమనించాలి.

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత తెలుగు నేల మీదా ఒక వాదన విన్నాం: కులం పేదల్ని చీల్చడానికి పాలకులు వాడే ఆయుధం, కాబట్టి ముందు ఐక్యత అని. వర్జీనియా కథ చదివాక ఆ వాదన చేసేవాళ్ళను మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ ఆయుధం ఎవరెవరి ఇళ్ళలో ఉంది, దానివల్ల వాళ్ళకు దక్కిందేమిటి? దక్కింది వదులుకోవడానికి సిద్ధపడినప్పుడే ఐక్యత గురించి మాట్లాడుకోగలం. జిన్ పుస్తకాన్ని విద్యార్థులు, కార్యకర్తలు తప్పక చదవాలి. ‘ప్రజలు’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, ఎవరు అని అడుగుతూ చదవాలి.