ఆరు బద్దల గాలపు కర్ర

వానపామును కొక్కేనికి గుచ్చి, బెండు కట్టి చెరువులో గాలం వేసే మనిషికి కర్రతో పెద్ద పని లేదు. ఎర బరువే దారాన్ని లాక్కుపోతుంది. చేతికందిన వెదురు కర్ర ఏదైనా సరిపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ కొక్కేనికి ఉండేది ఈకలతో, దారంతో, కుందేలు బొచ్చుతో చుట్టిన పురుగు బొమ్మ. దానికి బరువంటూ లేదు, విసిరితే కాళ్ల దగ్గరే రాలుతుంది. అందుకని బరువును దారంలోనే పెట్టారు. 1960ల మొదట్లో అమెరికా తయారీదారులు ఖాయం చేసుకున్న కొలత ప్రకారం 5వ నంబరు దారం మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగాలి. ఆ 9 గ్రాములు వెనక్కి చాచుకున్నప్పుడు కర్ర వంగాలి. ముందుకు తెచ్చి ఆపగానే లేవాలి. లేచాక ఊగకుండా నిలవాలి. ఈ ఆటలో డబ్బంతా ఆ వంపు చుట్టూనే తిరుగుతుంది.

కర్ర, రీలు, దారం అన్నీ కలిపి 200 డాలర్లకు దొరికే సెట్లు అమెరికాలో ఉన్నాయి. ఒక్క కర్రకే 1,000 డాలర్లు దాటి పెట్టించే కంపెనీలూ ఉన్నాయి. చేత్తో చేసిన వెదురు కర్రకైతే అంతకు రెండింతలు, మూడింతలు ఇచ్చి నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. అంత పెట్టడం సబబేనా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది: ఎక్కువ చేపల కోసమైతే అక్కర్లేదు. పనితనం కోసమైతే వెదురు కర్రకు పెట్టిన ప్రతి డాలరూ సార్థకమే. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే కర్రను విడదీసి చూడాలి.

వెదురు బలమంతా పైపొరలోనే ఉంటుంది. మేదరి ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. చేటకు, బుట్టకు అంచు కట్టాల్సినప్పుడు వాళ్ల చెయ్యి పైబద్ద మీదికే పోతుంది. బొంగు గోడను అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవే నారపోగుల కట్టలు. పైతోలు కింద అవి కిక్కిరిసి ఉంటాయి. లోపలికి పోయే కొద్దీ పలచబడి మెత్తటి బెండే మిగులుతుంది. మెత్తటి భాగాన్ని తీసేసి, గట్టి భాగాన్ని మాత్రమే ఆరు ముక్కోణపు బద్దలుగా చెక్కి, పైతోలు బయటికి వచ్చేలా అంటిస్తే ఆరు పలకల కర్ర అవుతుంది. బొంగు గుణమే ఆ సన్నటి కర్రకూ వస్తుంది: బలమంతా అంచున, వంపు భారం అత్యధికంగా పడే చోట, చేరుతుంది.

19వ శతాబ్దం మధ్యలో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో తుపాకులు, వయొలిన్లు చేసే శామ్యూల్ ఫిలిప్ వెదురును చీల్చి అంటించిన కర్రలు చేశాడు. మెయిన్ రాష్ట్రంలోని బ్యాంగర్‌లో హైరమ్ లెనార్డ్ ఆరు బద్దల పద్ధతిని ఒక పరిశ్రమగా నిలబెట్టాడు, 1881లో దుకాణాన్ని న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ వ్యాలీకి మార్చాడు. ఆయనా తుపాకుల పని తెలిసినవాడే. గొట్టాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా నున్నగా తీయడం అలవాటైన చేతులు కర్రకూ ఆ కొలతనే తెచ్చాయి. వాళ్ల తొలి కర్రలకు వెదురు మన దేశం నుంచే పోయింది. కలకత్తా రేవు నుంచి ఓడలెక్కింది కాబట్టి దానికి కలకత్తా కేన్ అని పేరు పడింది. అది డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అనే గట్టి వెదురని చెబుతారు. నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో గుబురుగా పెరిగేదీ ఆ జాతే. మనం దాన్ని కాగితపు మిల్లులకు మోపులు మోపులుగా తోలాం. అందులోంచే ఒకప్పుడు ప్రపంచంలోని మేలైన గాలపు కర్రలు పుట్టాయని తలుచుకుంటే మనసు కాస్త చివుక్కుమంటుంది.

20వ శతాబ్దం మొదట్లో చైనా వెదురు వచ్చి దాని చోటు తీసుకుంది. టోన్కిన్ అనే ప్రాంతం పేరు మీద టోన్కిన్ కేన్ అంటారు గానీ అది పెరిగేది గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, సూయి నది ఒడ్డు కొండల మీద. నిటారుగా పెరుగుతుంది, గణుపులు ఉబ్బెత్తుగా ఉండవు, నారపోగులు మరింత చిక్కగా ఉంటాయి. అక్కడివాళ్లు దాన్ని నరికి, నదిలో ఇసుకతో తోమి, ఎండలో నిలబెట్టి ఆరబెడతారు. కొరియా యుద్ధం వచ్చాక అమెరికా చైనా సరుకును ఆపేసింది, 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అప్పటికే ఫైబర్‌గ్లాస్ కర్ర చవగ్గా దొరుకుతోంది. నిల్వ వెదురు ఉన్న కొద్దిమంది తప్ప మిగతా దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఇక అసలు పనికి వద్దాం. రెండు ముక్కల కర్రకు కింది ముక్క ఒకటి, కొనలు రెండు చేస్తారు. రెండో కొన అదనం, ఒకటి విరిగితే ఇంకొకటి. అంటే మొత్తం 18 బద్దలు. బొంగును చీల్చి, గణుపులను వేడిచేసి నొక్కి చదును చేసి, ఏ రెండు పక్క బద్దల గణుపులూ ఒకే చోట కలవకుండా ముందువెనకలుగా జరుపుతారు. గణుపు దగ్గర నార వంకర తిరుగుతుంది కాబట్టి అక్కడ కర్ర బలహీనం. ఆరు గణుపులు ఒకే వరసలో పడితే అది విరగడానికి గుర్తు పెట్టినట్టే. తర్వాత కాసేపు ఓవెన్‌లో కాల్చి తేమ తీస్తారు. బద్ద రంగు కొద్దిగా ముదురుతుంది, బిగుసుకుంటుంది.

తర్వాత చిత్రిక. అయిదడుగుల పొడవున్న రెండు ఉక్కు కడ్డీలను పక్కపక్కన బిగిస్తారు. వాటి మధ్య 60 డిగ్రీల గాడి ఉంటుంది. ప్రతి 5 అంగుళాలకు కడ్డీలను దగ్గరికి లాగే మర ఒకటి, దూరం నెట్టే మర ఒకటి ఉంటాయి. వాటిని తిప్పుతూ, లోతు కొలిచే మొనను గాడిలో పెట్టి చూస్తూ, మొదలు నుంచి కొన దాకా గాడి ఎంతెంత సన్నబడాలో సరిచేస్తారు. బద్దను అందులో పడుకోబెట్టి చిత్రిక పడతారు. పైతోలున్న వైపు చిత్రిక తగలకూడదు. మిగతా రెండు వైపులే చెక్కాలి. నాలుగు సార్లు లాగాక బద్దను తిప్పాలి, లేకపోతే కోణం ఒక పక్కకు ఒరుగుతుంది. మొదట్లో చెక్కు ముతకగా లేస్తుంది. చివరికి వచ్చేసరికి వెలుతురు కనబడేంత పలచటి చుట్టలు రాలుతుంటాయి. గణుపు మీదికి రాగానే నార ఎదురు తిరుగుతుంది. బ్లేడు పదును ఏమాత్రం తగ్గినా చిన్న పెచ్చు లేచిపోతుంది, గంటల పని పడ్డ ఆ బద్ద పనికిరాదు. అందుకే మంచి పనివాడు చెక్కే సమయంలో చాలా భాగం సానరాయి దగ్గరే గడుపుతాడు.

ఇంత చాదస్తం ఎందుకో ఒక లెక్క చెబుతుంది. కర్ర ఎంత బిగువుగా ఉంటుందన్నది దాని మందం మీద నాలుగో ఘాతంలో ఆధారపడుతుంది. కొన దగ్గర కర్ర మందం 70 థౌలు అనుకుందాం. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, లేత్ షాపుల్లో వాడే మాట. ప్రతి బద్దా ఒక్క థౌ లావుగా మిగిలితే ఎదురెదురు బద్దలు కలిసి కర్ర 72 థౌలవుతుంది. బిగువు 12 శాతం పెరుగుతుంది. ఒక్క థౌ అంటే తల వెంట్రుకలో మూడో వంతు. ఆ తేడా కంటికి కనిపించదు, చేతికి తెలుస్తుంది: దారం ఆఖరి మూడు అడుగులు నీటి మీద మెత్తగా వాలకుండా చప్పుడు చేస్తూ పడుతుంది, ట్రౌట్ చేప బెదిరి రాయి కిందికి జారుకుంటుంది.

ఆ కొలతలను ఊహకు వదలకుండా లెక్కలోకి తెచ్చిన మనిషి ఎవరెట్ గారిసన్. న్యూయార్క్ దగ్గర ఉండే ఇంజినీరు, 1893లో పుట్టి 1975లో పోయాడు. వంతెన దూలానికి వేసే లెక్కనే కర్రకు వేశాడు. దారం బరువు, కర్ర సొంత బరువు, కొన మీద పడే కుదుపు తీసుకుని ప్రతి 5 అంగుళాల దగ్గరా వెదురు ఎంత ఒత్తిడి మోస్తుందో కట్టి, దాన్నిబట్టి మందం నిర్ణయించాడు. లెనార్డ్ కాలంలో బద్దలు కోసే యంత్రాన్ని తాళం వేసిన గదిలో దాచేవారని చెబుతారు. గారిసన్ ఏదీ దాచలేదు. శిష్యుడు హోగీ కార్మైకేల్‌తో కలిసి రాసిన పుస్తకం ఆయన పోయాక 1977లో వచ్చింది. గాడి కడ్డీలు ఎలా చేసుకోవాలో, జిగురు పూసిన బద్దలకు దారం చుట్టే యంత్రం ఎలా అమర్చుకోవాలో, ఏ కర్రకు ఎన్ని థౌలో అన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ అమెరికాలో, యూరప్‌లో, జపాన్‌లో సొంత షెడ్డులో వెదురు చిత్రిక పట్టేవాళ్లలో చాలామంది చేతుల్లో ఆ పుస్తకం నలిగింది. కొనేవాళ్లు మనిషి పేరుకు డబ్బిస్తారని కొందరంటారు. గారిసన్ విషయంలో నేను ఒప్పుకోను. ఆ పేరు వెనక ఉన్న లెక్కను ఎవరైనా మళ్లీ చేసి చూసుకోవచ్చు.

అలాంటి కర్ర చేతికొస్తే చూడాల్సినవి రెండు. మొదటిది జిగురు గీత. పలక పలకకూ మధ్య గోటితో గీసినా ఏమీ తగలకూడదు, సన్నటి నల్లగీత కనిపించిందంటే అక్కడ కోణం తప్పింది. రెండోది ముక్కలు కలిసే లోహపు గొట్టం. దాన్ని నికెల్ సిల్వర్‌తో చేస్తారు. మన ఇళ్లలో జర్మన్ సిల్వర్ అంటాం కదా, అదే. రాగి, నికెల్, జింకు తప్ప వెండి ఉండదు. లేత్ మీద తీసి, లోపలి గొట్టం బయటి గొట్టంలో గాలి చొరబడనంత బిగువుగా కూర్చునేదాకా రుద్దుతారు. విడదీసేటప్పుడు టప్‌మని చిన్న శబ్దం వస్తే అమరిక కుదిరిందని అర్థం. వెదురును పట్టుకునే అంచును సన్నటి పళ్లుగా చీల్చి పలచబరుస్తారు. లోహం వంగదు, వెదురు వంగుతుంది, ఆ రెండూ కలిసే చోట మెట్టు ఉంటే కర్ర అక్కడే విరుగుతుంది. ఆ పళ్ల మీద పట్టుదారం చుడతారు. చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా, ముడి లేకుండా. కొసను ఒక ఉచ్చులో దూర్చి చుట్ల కిందికే లాగేస్తారు. గారిసన్ తెల్ల పట్టు వాడేవాడు. వార్నిష్ తాగాక దారం మాయమై కింది వెదురు కనిపిస్తుంది. అంత శ్రమపడి చుట్టిన దారం కంటికి ఆనకుండా చేసుకోవడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

కార్బన్ కర్రల గురించి తక్కువే చెబుతాను. 1973లో ఫెన్విక్ కంపెనీ వాటిని అమ్మకానికి తెచ్చాక ఆట మారిపోయింది. తేలికగా ఉంటాయి, దారాన్ని దూరం విసురుతాయి, తడికి చెడవు. ఇప్పుడు 150 డాలర్ల కర్ర కూడా బాగానే విసురుతుంది. ఖరీదైనదానికీ దానికీ తేడా ఉంది, అయితే దాన్ని వాడుకోగల చెయ్యి ఉన్నవాళ్లు తక్కువ. పైగా ఆ 1,000 డాలర్లలో విరిగితే మార్చి ఇచ్చే హామీ ఖర్చు కూడా కలిసి ఉంటుంది. రీలు సంగతైతే, వాగులో ట్రౌట్ పట్టేవాళ్లకు అది దారం చుట్టి ఉంచే గిలకే. సముద్రంలో టార్పన్‌లాంటి 100 పౌన్లు దాటే చేప దారాన్ని లాక్కుని పరుగెడితే మాత్రం బ్రేకు కుదుపు లేకుండా పట్టాలి. అక్కడ పొదుపు చేస్తే దారం పుటుక్కుమంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: చవక కర్రకు మంచి దారం ఎక్కించండి, ఖరీదైన కర్రకు చవక దారం ఎక్కించొద్దు. బరువు ఉన్నది దారంలో.

పాత వెదురు కర్ర కొనేటప్పుడు బేరానికి ముందు నాలుగు సంగతులు పరీక్షించాలి. ఒక కన్ను మూసి కర్ర వెంట చూస్తే వంపు శాశ్వతంగా దిగిందో లేదో తెలుస్తుంది. గొట్టం వదులైతే బాగుచేయడం ఖర్చుతో కూడిన పని. వార్నిష్ పగిలి తడి లోపలికి పోయిన చోట వెదురు నల్లబడుతుంది. కొన పొడవు మొదలు ముక్కకు సమానంగా ఉందో లేదో కొలవాలి. రెండంగుళాలు తగ్గిందంటే ఎప్పుడో విరిగి, మిగిలినదాని కొసకు దారం దూరే కొత్త వలయం పెట్టి అమ్ముతున్నారన్నమాట, ధర ఆ మేరకు పడిపోవాలి. అయినా అది చచ్చిన కర్ర కాదు. కార్బన్ గొట్టం విరిగితే కంపెనీ ఆ మోడల్ ఆపేసిన రోజున దారి మూసుకుపోతుంది. గారిసన్ కర్రకైతే ప్రతి 5 అంగుళాల కొలతా పుస్తకంలో ఉంది. ఆ కొలతలకు గాడి సరిచేసి, మరో ఆరు బద్దలు చెక్కి, 1940ల నాటి మొదలుకు కొత్త కొన అమర్చగల పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.