పన్నెండు సీసాల పండగ

సంక్రాంతికి మన ఊళ్లలో అరిసెలు ఇరుగుపొరుగుకి పంచుకుంటాం. ఎవరింట్లో పాకం కుదిరిందో, ఎవరింట్లో ముదిరిందో సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోతుంది. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు క్రిస్మస్ ముందు సీసాలు మార్చుకోవడం చూసినప్పుడల్లా నాకు ఆ అరిసెల పళ్లేలే గుర్తొస్తాయి.

లెక్క తేలిక. పన్నెండుమంది చేరతారు, మనిషికి 12 సీసాలు తెస్తారు. ఒకటి అక్కడే తెరిచి అందరూ రుచి చూస్తారు. మిగతా 11 తలా ఒకటి. ఇంటికి వెళ్లేటప్పుడు ప్రతి పెట్టెలోనూ పదకొండు ఇళ్ల రుచి ఉంటుంది. ఒక్క డాలరు చేతులు మారదు, మారకూడదు కూడా. అది చట్టం మాట. అమెరికాలో మద్యనిషేధం 1933లో పోయినా ఇంటి బీరుకి అనుమతి రాలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ తలుపు తెరుచుకుంది: పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరో అంతకన్నా ఎక్కువో ఉంటే 200. అమ్మడానికి మాత్రం వీల్లేదు. తపాలాలో పంపడానికీ వీల్లేదు. అందుకే ఇది ఒక ఊరివాళ్లు ఎదురెదురుగా కూర్చుని చేసుకునే పండగ అయింది.

పనితనం చూడాలంటే పొయ్యి దగ్గరికి రావాలి. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని బరకగా ఆడించి 65 నుంచి 68 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచుతారు. గింజలోని పిండి తీపిగా మారుతుంది. వేడి కాస్త తగ్గితే బీరు పలచగా తేలిపోతుంది, పెరిగితే నాలుకకి చిక్కగా తగులుతుంది. ఆ మూడు డిగ్రీల మధ్యే ఉంది ఉస్తాదుతనమంతా! వడగట్టిన తీపినీళ్లలో చేదు కోసం హాప్ పూలు వేసి గంట మరిగించి, గబగబా చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ అంటే పాలకి తోడు లాంటిదే. మంచి తోడు పక్కింటి నుంచి తెచ్చుకున్నట్టే, పులిసిన బీరు అడుగున మిగిలిన గసిని గాజు జాడీలో పోసి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. సీసాల్లో పోసేముందు 19 లీటర్లకి 120 గ్రాముల చక్కెర వేస్తే, సీసాలో మిగిలిన ఈస్ట్ దాన్ని తిని నురగ పుట్టిస్తుంది. చక్కెర మరీ మించితే సీసా పేలుతుంది. మిషన్‌తో గ్యాసు ఎక్కించిన బీరుకి ఆ సన్నటి నురగ జన్మలో రాదు. నేను సీసాలో పొంగిన బీరు పక్షం, దాచుకోవడం లేదు.

కెన్ గ్రాస్‌మన్‌ని తలుచుకోకుండా ఈ మాట ముగించలేను. కాలిఫోర్నియాలోని చీకోలో ఇంటి బీరు సామాన్ల కొట్టు నడిపినవాడు, డైరీల పాత తొట్లు, పాత ఇనుప సామాను ఏరుకొచ్చి సియెరా నెవాడా బ్రూవరీ నిలబెట్టాడు. ఆ సంవత్సరం కోసిన కొత్త హాప్ పూలతో ఆయన 1981లో మొదలుపెట్టిన సెలబ్రేషన్ ఏల్ అనే బీరు ఇప్పటికీ చలికాలంలో వస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ బ్రూవరీ నడిపిన ఫ్రిట్జ్ మేటాగ్ చేసింది ఇంకా గొప్ప. 1975 నుంచి యాంకర్ క్రిస్మస్ ఏల్ ప్రతి ఏడూ కొత్త పాళ్లతో, లేబుల్ మీద కొత్త చెట్టుతో వచ్చింది. అంత సాహసం ఏ పెద్ద కంపెనీ చేసింది? ఆ యాంకర్ 2017లో ఓ పెద్ద కంపెనీ చేతికి పోయి 2023లో మూతపడింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు పండగ బీరు పేరుతో దుకాణాల్లో దొరికేవాటిలో కొన్నింట దాల్చినచెక్క ఎసెన్సు, గుమ్మడి సిరప్పు! మార్పిడికి కూడా అలాంటివే పట్టుకొస్తున్నవాళ్లున్నారు. చెడిపోయిన బీరుకి మసాలా వాసన కప్పి పక్కవాడికి అంటగట్టడం మోసం. పాచిపోయిన పిండితో అరిసెలు చేసి పొరుగింటికి పంపుతామా? పదకొండుమంది మూడు నెలలు కాపలా కాసి తెచ్చినదానికి అదా బదులు? మంచి రుచి నేర్పే చోట్లూ పోతున్నాయి. నాకు తెలిసిన ఇంటి బీరు సామాన్ల కొట్టొకటి మొన్న మూసేశారు. బార్లీ గింజ నోట్లో వేసుకుని రుచి చెప్పగల పెద్దాయన అక్కడ ఉండేవాడు. ఆ విద్య ఏ ఆన్‌లైన్ అంగడిలో దొరుకుతుంది?

మార్పిడి పెట్టేవాళ్లకి ఒకటే విన్నపం. మూత మీద అంకె, కాగితం మీద పేరు, రకం, ఆల్కహాలు శాతం, సీసాలో పోసిన తేదీ రాయించండి. పాలచక్కెర, గింజపప్పులు వేస్తే అదీ రాయించండి, పడనివాళ్లుంటారు. బార్లీవైన్ లాంటి ఘాటు బీరు రకాలు నెలల తరబడి ముగ్గాలి. కాబట్టి డిసెంబరు మార్పిడికి పిలుపు ఆగస్టులోనే వెళ్లాలి, సెప్టెంబరు మొదటి వారానికి గిన్నె పొయ్యి మీద ఉండాలి.