పొగచూరిన దూలం

ఇంగ్లండ్ పల్లెల్లో పాత ఇళ్లకు చలిమంట గూటిపైన అడ్డంగా ఓ ఓక్ దూలం కనిపిస్తుంది. తరాల పొగ తాగి నల్లబడ్డ ఆ చెక్కను బాగుచేసే వడ్రంగి గొప్పతనం, నన్నడిగితే, ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడంలోనే ఉంది.

మసి వదిలించడానికి అతను ఇత్తడి తీగల బ్రష్షే పట్టుకుంటాడు. ఇనుప తీగ ముక్క ఒక్కటి చెక్కలో ఇరుక్కున్నా చాలు, తడి తగిలితే ఓక్‌లోని టానిన్‌తో కలిసి నల్లటి మచ్చ పడుతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్టమీద ఇనుప నీళ్లు నలుపెక్కేదీ ఇలాగే. అక్కడ అది అందం, ఇక్కడ తలనొప్పి! పాత మేకుల చుట్టూ ఉన్న అలాంటి మచ్చల్ని ఆక్సాలిక్ ఆమ్లంతో తుడుస్తాడు. పురుగు ఎక్కువగా తినేది అంచున ఉండే తెల్లచెక్కనే. పొడిపొడిగా రాలేదాన్ని గీకేసి, గట్టి చేవ తగలగానే ఆగిపోతాడు.

సాండర్ మిషన్ అంటే నాకు గిట్టదు. పాత బాడిస గంట్లు, కీడు రాకుండా అప్పటివాళ్లు కావాలనే కాల్చారని పరిశోధకులు చెప్పే దీపపు మచ్చలు, అన్నింటినీ అరగంటలో నున్నగా మింగేస్తుంది.

ఆఖరున అవిసె నూనె, పల్చగా. పట్టించి, మిగిలింది తుడిచెయ్యాలి. వార్నిష్ అయితే వేడికి పెచ్చులు లేస్తుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే రాజుకోవచ్చు. అందుకే పని ముగిసిన సాయంత్రం పెరట్లో తీగమీద అవి విడివిడిగా వేలాడుతుంటాయి.