మేకు అక్కర్లేని కట్టు

స్కౌట్ క్యాంపులో నేర్పే పనులన్నిటిలో నాకు గొప్పగా అనిపించేది తాడు పని. మేకు, సుత్తి లేకుండా రెండు వెదురు కర్రల్ని పిల్లలు కదలకుండా బిగించేస్తారు. ముందు నిలువు కర్రకు క్లోవ్ హిచ్ ముడి వేస్తారు. అడ్డకర్రను ఆనించి, రెండింటినీ కలుపుతూ తాడును మూడు నాలుగు చుట్లు తిప్పుతారు. చుట్టు పక్కన చుట్టు పడాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. కర్రల మధ్య నుంచి ఆ చుట్లనే బిగిస్తూ మరో రెండు చుట్లు వేసి గట్టిగా లాగితే వదులంతా పోతుంది. చివర అడ్డకర్రకు మళ్లీ క్లోవ్ హిచ్. ఇదే స్క్వేర్ లాషింగ్. ఈ ఒక్క కట్టు వస్తే చాలు, గుడారం పక్కన పళ్లేల స్టాండు, చెప్పుల స్టాండు లేచి నిలబడతాయి. ఇక మిగతా ముడుల్లో రీఫ్ నాట్ బల్లపరుపుగా ఉంటుంది, గాయం కట్టుకు అది. బౌలైన్ ఉచ్చు మనిషి బరువుకు కూడా బిగుసుకోదు, ఆపదలో ఉన్నవాళ్లను పైకి లాగడానికి అది. క్యాంపు అయ్యాక ముడులు విప్పేస్తే తాడు తాడే, కర్ర కర్రే, ఏదీ వృథా కాదు. ఏ ముడి ఎక్కడ వేయాలో తెలిసిన పిల్లలు వరదొచ్చినా, గాలివానొచ్చినా చేతులు ముడుచుకుని కూర్చోరు. మీ పిల్లల బడిలో స్కౌట్స్, గైడ్స్ ఉంటే తప్పకుండా చేర్పించండి.