చేతిపనికి కొలత
(అంబత్తూరు శిక్షణార్థుల నైపుణ్యపరీక్షపై ఒక విమర్శ)

అంబత్తూరు పేరు చెప్పగానే చెన్నపట్టణవాసులకు స్ఫురించునది పారిశ్రామికవాడ. 1949లో ఆరంభమైన టి.ఐ. సైకిల్స్ వారి కర్మాగారము ఈ ఊరనే వెలసినది. 1964లో ప్రభుత్వము పారిశ్రామికవాడను నెలకొల్పిన పిదప లేతుయంత్రముల చప్పుడు ఈ ప్రాంతమునకు నిత్యధ్వని అయినది. ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణాలయము, అనగా జనులు ఐ.టి.ఐ. అని పిలుచునది, ఇచ్చటనే కలదు. పరిసరముల తెలుగు కుటుంబములలోని పిల్లలు పదవ తరగతి ముగించి ఫిట్టరు పనికో, టర్నరు పనికో ఇట్టి శిక్షణాలయములలో చేరుట క్రొత్త సంగతి కాదు. రెండేండ్ల పిదప వారి చేతికందు పత్రము వారి చేతినేర్పును ఉన్నదున్నట్లు చెప్పుచున్నదా యనునది విచారింపదగిన ప్రశ్న.

దేశమున వృత్తిశిక్షణ పథకము 1950లో ఆరంభమైనది. 1956లో ఏర్పడిన జాతీయ వృత్తిశిక్షణ మండలి పరీక్షలకు, పత్రములకు ఒక కట్టుబాటు కల్పించినది. 2018లో ఆ రంగమునకు నూతన నియంత్రణ మండలి ప్రకటితమైనది. ఇటీవలి పాఠ్యప్రణాళికలను బట్టి ప్రయోగపరీక్షలో ఉత్తీర్ణతకు నూటికి 60 గుణములు కావలెను. సిద్ధాంతభాగమునకు 33 చాలును. చేతిపనికి పెద్దపీట వేసిన ఈ నిర్ణయమును మెచ్చుకొనవలసినదే. చిక్కంతయు ఆ 60 గుణములను ఇచ్చు తీరులోనున్నది.

పాఠ్యప్రణాళికలలో పరీక్షకుల కొరకు ఒక మార్గదర్శిని ముద్రింపబడియున్నది. దానిని సాహిత్యగ్రంథమును చదివినట్లు మాట మాటను పట్టి చదివినచో విచిత్రమైన విషయము కనబడును. 60 మొదలు 75 వరకు గుణములు పొందువాని పనిలో ఒకపాటి శుభ్రత, అప్పుడప్పుడు ఇతరుల సాయము, నూటికి 60 నుండి 70 పాళ్ల కచ్చితత్వము ఉండవలెనట. పై మెట్టున మంచి శుభ్రత, కొద్ది సాయము, 70 నుండి 80 పాళ్లు. 90కి పైబడిన మెట్టున ఉన్నతమైన శుభ్రత, సాయము అత్యల్పముగానుండుట లేక అసలే లేకుండుట, 80 పాళ్లకు మించిన కచ్చితత్వము. మెట్లను వేరుచేయునవి చాలవరకు విశేషణములే. 'ఒకపాటి' ఎచ్చట ముగిసి 'మంచి' ఎచ్చట మొదలగునో ఏ వ్యాకర్తయు చెప్పలేడు; ఇక పరీక్షకుడెట్లు చెప్పును? వ్యాసములు దిద్దు పంతుళ్లకు ఈ బాధ అలవాటే గాని, ఇనుప ముక్కకు ఆ గతి పట్టనక్కరలేదు. దానికి వెర్నియరు కలదు, మైక్రోమీటరు కలదు.

సంఖ్యల సంగతి విశేషణములకన్న కష్టము. ఫిట్టరు విద్యార్థి ఆకురాయితో 'టి' ఆకారమున రెండు ముక్కలను అరగదీసి, ఒకదానిని మరియొకదానిలో జారునట్లు కూర్చవలెను. అట్టి పనికి అడుగు కచ్చితత్వము 0.04 మిల్లీమీటరు, సామాన్యముగా తలవెండ్రుక మందమైనను అంతకు తక్కువ కాదు. ఈ కూర్పునకు నూటికి 70 పాళ్ల కచ్చితత్వమనగా నేమి? పది కొలతలలో ఏడు సరిగానుండుట యని అర్థము చెప్పుకొనవచ్చును. తప్పిన మూడును బయటి అంచులవైనచో ముక్క పనికివచ్చును. ఆ మూడే లోపలి గాడివైనచో ముక్క దూరనే దూరదు, లేక దూరి వదులుగా కదలును. రెండు సందర్భములకును ఒకే గుణములు పడుట న్యాయము కాదు. వడ్రంగి బిగించిన తలుపు గడపకు తగులుచున్నచో, తక్కిన మూడువైపులు చక్కగానున్నవని ఇంటి యజమాని మూడువంతుల కూలి లెక్కకట్టి ఊరకుండునా?

కర్మాగారములలో పోవు గేజి, పోని గేజి యని రెండు కొలతపనిముట్లుండును. రంధ్రమున మొదటిది దూరవలెను, రెండవది దూరరాదు. ఇందు 'ఒకపాటి'కి తావులేదు. అంబత్తూరును ఆనుకొనియున్న పాడిలో వాహనముల చక్రములు, బ్రేకులు తయారగుచున్నవి. అట్టి చోట ఒక కొలత తప్పినచో దాని ఫలితము గుణపత్రముతో ఆగదు.

అట్లని మార్గదర్శిని యంతయు త్రోసివేయదగినది కాదు. వస్తువును వ్యర్థము చేయకుండుట, భద్రత పాటించుట, తోటివారితో కలసి పనిచేయుట వంటి వానిని ఏడాది పొడవున గమనింపుమని అది చెప్పుచున్నది. ఒకనాటి పరీక్ష ముక్కను చూపును గాని అలవాటును చూపదు. అరగదీయునప్పుడు నిలుచు తీరు, మధ్యమధ్య మూలమట్టమునకు ఆనించి వెలుతురు చూచుకొను ఓపిక, ఇవి దినదినము చూచు బోధకునికే తెలియును. కావున ముక్కకు కొలతలు, మనిషికి పరిశీలన అని రెండు పట్టికలుండవలెను. కూర్పునకు ప్రాణమైన కొలతలను ముందే గుర్తించి, అవి తప్పినచో తక్కినవానితో పూరింపరాదని నియమింపవలెను. పరీక్షకుడు గుణములకు మారుగా తాను కొలిచిన అంకెనే మొదట వ్రాసినచో పిదప తగవునకు చోటు తక్కువ.

తీర్పరి ఎవరనునది మరియొక ముఖ్యాంశము. 1969 నాటి జర్మనీ వృత్తిశిక్షణ చట్టము ప్రకారము పరీక్షాసంఘమున యజమానుల ప్రతినిధి, కార్మికుల ప్రతినిధి, బోధకుడు కూర్చుందురు. ఆ పనితో బ్రతుకు కార్మికునికి తీర్పులో పాలుండుట గమనింపదగినది. పారిశ్రామికవాడ ప్రక్కనే యున్న శిక్షణాలయమునకు అట్టి తీర్పరులు దొరకకపోరు.

ఇక భాష. సిద్ధాంతపరీక్ష నేడు కంప్యూటరుపై, నాలుగు సమాధానములలో ఒకటి ఎంచుకొను పద్ధతిని జరుగుచున్నది. ఇంట ఆకురాయి యని విన్న పిల్లవాడు పనిశాలలో దానినే 'అరం' అని వినును, పుస్తకమున 'ఫైలు' అని చదువును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత బడులలో తమిళము నేర్చిన పిల్లలకు పనిశాలమాట కొంత సులువైనది. ఆ మేలు ఒప్పుకొనవలెను. అయినను గరుకు ఫైలునకు నునుపు ఫైలునకు భేదము బొటనవ్రేలితో చెప్పగలవాడు తెరపై పేరు పోల్చుకొనలేక తప్పు గుర్తించినచో, తప్పినది పేరా, పనియా? రెండు ఫైళ్లు చేతికిచ్చి, ఏ పనికి ఏది యని వానికి వచ్చిన భాషలో అడుగుటకు రెండు నిమిషములు పట్టదు.

తెలుగువారు చేయదగిన పని ఒకటి కలదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువరించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము రైతుల నోటి మాటలను ఊరూర విని కూర్చినది. 1971లో చేనేతపదముల సంపుటము వచ్చినది. అదే పద్ధతిని అంబత్తూరు పనిశాలలలోని తెలుగు ఫిట్టర్ల, టర్నర్ల మాటలను, ప్రక్కన తమిళపు మాటను, పుస్తకపు మాటను చేర్చి సేకరించినచో, శిక్షణార్థి సంచిలో పట్టు చిన్న పుస్తకమగును. సంఘము వారు తలపెట్టినచో ఆదివారములు చాలును. విశ్రాంత కార్మికులు పలువురు ఈ ఊరనే యున్నారు.