గొల్లపూడి: రాసిన ఇల్లు, నటించిన ఇల్లు

గొల్లపూడి మారుతీరావు (1939–2019) నవలలు చదివినవారి కన్నా ఆయన్ని సుబ్బారావు వేషంలో చూసి నవ్వినవారే ఎక్కువ. మన నక్కపల్లి కూడలిలో నిలబడి అడిగినా ఇదే జవాబు వస్తుంది. సాహిత్యానికి ఇదొక అన్యాయమని వాపోయేవారున్నారు. నాకలా అనిపించదు.

విజయనగరంలో పుట్టి, పత్రికలోనూ ఆకాశవాణిలోనూ పనిచేసి, నాటకాలూ నవలలూ సినిమా కథలూ రాసిన ఈ మనిషి నలభై దాటాక, 1982లో, కోడి రామకృష్ణ 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో తెరకెక్కాడు. సుబ్బారావు కత్తి పట్టని విలన్. తీపి మాటలతో పరాయి కాపురంలోకి చొరబడతాడు. అలాంటివాణ్ణి తన వీధిలోనే ఎరుగును గనక ప్రేక్షకుడు నవ్వాడు. అయితే కీడంతా ఒక్కడి వంకరబుద్ధిలోనే ఉందన్నట్టు కథ నడుస్తుంది. వ్యాపార చిత్రాలకిది మామూలే.

1987 నాటి 'సంసారం ఒక చదరంగం' అంతకన్నా పెద్ద విషయం. కథ విసుది, తమిళం నుంచి వచ్చింది. కాని అప్పలనర్సయ్య గొంతూ నడకా గొల్లపూడివే. డబ్బు దగ్గర తండ్రీకొడుకులకు మాట పెరిగి ఇంటి మధ్య గీత పడుతుంది. ఆ తండ్రిని గొల్లపూడి దేవుణ్ణి చెయ్యలేదు. పౌరుషం, చాదస్తం, జీతం రాళ్ల మీద బతికేవాడి భయం, ఇవన్నీ కలిసి నవ్విస్తాయి. ఆ నవ్వు సగంలోనే గొంతుకు అడ్డం పడుతుంది.

ఇక 'సాయంకాలమైంది' నవల తెరవండి. అక్కడా కూలేది ఇల్లే, ఒక వైష్ణవ అర్చక కుటుంబం. వచనం మెత్తనిది, దుఃఖం నిజమైనది. కాని ఆ ఇల్లు ఇన్నాళ్లూ దేనిమీద నిలబడింది, పిల్లల్ని బయటికి నెట్టిన అవసరమేది అన్న ప్రశ్నలను నవల వేదనతో కప్పేస్తుంది. పోయినదానికి హారతి పట్టే రచయిత నవ్వలేడు.

ఇది చేతకాకపోవడం కాదు. 'కళ్లు' నాటకంలో గుడ్డి బిచ్చగాళ్లు తాము కూడబెట్టిన డబ్బుతో ఒకడికి చూపు తెప్పిస్తారు. చూపొచ్చినవాడు వాళ్లనే వంచిస్తాడు. (1988లో ఎం.వి. రఘు దీన్ని సినిమాగా తీశాడు.) అక్కడ కరుణ కూడా రూపాయి పక్కనే కూర్చుంటుంది. ఆ నాటకకర్త చూపే అప్పలనర్సయ్య వేషంలో పనిచేసింది. నవల దగ్గరికి వచ్చేసరికి ఎందుకో తల వంచుకుంది.

నవలల మీద వ్యాసాలు రాసేవారు ఆయన వేషాలను చివరి పేరాలో ఒక్క వాక్యంతో సాగనంపుతారు. అప్పలనర్సయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని 'సాయంకాలమైంది' చదివితే, ఆ ఇంటి పద్దుల పుస్తకం ఎక్కడ దాచారని అడగబుద్ధవుతుంది.