డీజిల్ చుక్కలో నాలుగో వంతు

పాతికేళ్ల నాటి డీజిల్ కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోతోందనుకుందాం. లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తోంది. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోంది. ఈ లెక్కన గంటకు మూడు లీటర్లు ఖర్చవుతాయి. ఇంజన్ రెండు చుట్లు తిరిగేసరికి నాలుగు సిలిండర్లలోనూ ఒక్కోసారి డీజిల్ పడాలి కాబట్టి, గంటలో 2,40,000 సార్లు చిమ్మాలి. మూడు లీటర్లను అన్ని వాటాలు వేస్తే ఒక్కో వాటాకు పన్నెండున్నర ఘన మిల్లీమీటర్లు వస్తాయి. కళ్లమందు సీసాలోంచి రాలే చుక్క పరిమాణం సుమారు 50 ఘన మిల్లీమీటర్లు. అంటే చుక్కలో నాలుగో వంతు. దాన్ని సెకనుకు అరవైకి పైగా సార్లు కొలిచి, సరైన సిలిండర్‌కు సరైన క్షణంలో అందించాలి. పాత డీజిల్ కారు ఈ పనంతా కంప్యూటర్ లేకుండా, ఉక్కు ముక్కలతో, స్ప్రింగులతో చేస్తుంది.

ఆ కొలతలో ఒకటింబావు ఘన మిల్లీమీటరు వృథా అయితే చాలు, ఇరవై ఇచ్చే కారు పద్దెనిమిదికి దిగుతుంది. అందుకే పాత డీజిల్ కారు మైలేజీ గురించి మాట్లాడాలంటే ముందు పంపు, నాజిల్ గురించి తెలుసుకోవాలి.

మన ఊళ్లలో 1998 చివర్లో వచ్చిన తొలి ఇండికాలు ఇంకా అక్కడక్కడా తిరుగుతున్నాయి. 1,405 సీసీ ఇంజన్, టైమింగ్ బెల్టు తిప్పే రోటరీ పంపు, సిలిండర్ హెడ్‌లో చిన్న సుడిగది వాటి అమరిక. ఆ తరం చిన్న డీజిల్ కార్లలో ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించిన రోటరీ పంపు బాష్ వారి వీఈ రకం. 1976లో వచ్చిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ డీజిల్ లాంటి కార్లతో దానికి పేరొచ్చింది. మన దేశంలో బాష్ పంపుల తయారీకి 1951లో మొదలైన సంస్థ మైకో. పాత మెకానిక్‌లు ఇప్పటికీ ‘మైకో పంపు’ అనే అంటారు.

ఈ పంపు రెండు అరచేతుల్లో పట్టేంత ఉంటుంది. లోపలంతా డీజిల్ నిండి ఉంటుంది, కదిలే ప్రతి భాగానికీ ఆ డీజిలే కందెన. ఇంజన్ ఆయిల్ ఇందులోకి రాదు. బెల్టు తిప్పే షాఫ్టు మీద ముందుగా రెక్కల పంపు ఒకటి ఉంటుంది. అది ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగి పంపు కడుపులో ఒత్తిడితో నింపుతుంది. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ ఈ ఒత్తిడి కూడా పెరుగుతుంది. దీని ఉపయోగం కాసేపట్లో తెలుస్తుంది.

షాఫ్టు చివర నాలుగు గుబ్బలున్న క్యామ్ ప్లేటు ఉంటుంది. అది రోలర్ల మీద ఆనుకుని తిరుగుతుంది. గుబ్బ రోలర్ మీదికి ఎక్కినప్పుడల్లా ప్లేటు ముందుకు జరుగుతుంది, దిగగానే స్ప్రింగు దాన్ని వెనక్కి నెడుతుంది. ప్లేటుకు తగిలించిన ప్లంజర్ అనే సన్నని ఉక్కు కడ్డీ అందువల్ల రెండు పనులు ఒకేసారి చేస్తుంది, ఒకపక్క తిరుగుతూ మరోపక్క ముందుకూ వెనక్కూ కదులుతుంది. ముందుకు కదలడం వల్ల డీజిల్‌కు ఒత్తిడి వస్తుంది. తిరగడం వల్ల దాని ఒంటి మీది గాడి ఒక్కో రంధ్రానికి ఎదురుగా వచ్చి, ఏ సిలిండర్ వంతు అయితే ఆ సిలిండర్ పైపులోకి డీజిల్‌ను మళ్లిస్తుంది. అంతకు ముందు తరం వరస పంపుల్లో నాలుగు సిలిండర్లకు నాలుగు ప్లంజర్లు ఉండేవి, నాలుగింటినీ సమానంగా సరిచేయడం పెద్ద పని. ఇక్కడ ఒకే ప్లంజర్ నలుగురికీ పంచుతుంది కాబట్టి సమానత్వం నిర్మాణంలోనే వచ్చేసింది.

ఇక కొలత. ప్లంజర్ ఒంటికి చుట్టూ ఒక కాలర్ ఉంటుంది. ప్లంజర్‌కు అడ్డంగా వేసిన చిన్న రంధ్రం ఈ కాలర్ అంచు దాటి బయటపడగానే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా విడిపోతుంది, చిమ్మడం ఆగిపోతుంది. కాలర్ ఎంత ముందుకు జరిగితే అంత ఎక్కువ డీజిల్ పడుతుంది. కాలర్‌ను జరిపే లివరుకు ఒకవైపు మన యాక్సిలరేటర్ స్ప్రింగు, మరోవైపు వేగంతో విచ్చుకునే గవర్నర్ గుండ్లు. కాలు, వేగం చెరోపక్క లాగుతుంటే, ఆ రెండింటి రాజీ ఎక్కడ కుదిరితే అక్కడ కాలర్ నిలబడుతుంది.

వేగంతో పెరిగే ఆ లోపలి ఒత్తిడికి ఇప్పుడు పని పడుతుంది. ఇంజన్ వేగం పెరిగినప్పుడు డీజిల్ కాస్త ముందుగా పడాలి, లేకపోతే మండడానికి సమయం చాలదు. రోలర్ల రింగు కింద చిన్న పిస్టన్ ఉంటుంది. పెరిగిన ఒత్తిడి దాన్ని తోస్తే, అది రోలర్ల రింగును షాఫ్టు తిరిగే దిశకు ఎదురుగా కొద్దిగా తిప్పుతుంది. గుబ్బలు రోలర్లను కాస్త ముందే తాకుతాయి. ఇంధనాన్ని తెచ్చే పంపే వేగాన్ని కొలిచే సాధనం కూడా అయింది. ఈ ఒక్క ఏర్పాటు చూసినా ఆ ఇంజనీర్ల బుద్ధికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పంపు నుంచి బయలుదేరిన డీజిల్ నాజిల్ దగ్గర ఆగుతుంది. నాజిల్‌లో సూది, దాని గూడు కలిపి జతగా నునుపు చేసినవి. వాటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లకు మించదు, తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. ఒక నాజిల్ సూది మరో నాజిల్‌కు పనికిరాదు. నిర్ణీత ఒత్తిడి వచ్చాక సూది లేస్తుంది, డీజిల్ సన్నని పొగమంచులా సుడిగదిలోకి చిమ్ముతుంది. కంప్రెషన్ సమయంలో గాలి సన్నని గొంతు గుండా ఆ గదిలోకి దూరి గిర్రున తిరుగుతుంటుంది. పొగమంచు ఆ సుడిలో కలిసి మండుతుంది. సూది కూర్చునే చోటు అరిగితే పొగమంచుకు బదులు ధార వస్తుంది, కారడం మొదలవుతుంది. ధార పూర్తిగా మండదు, నల్లపొగగా సైలెన్సర్‌లోంచి పోతుంది. ఆ పొగ మనం డబ్బిచ్చి కొన్న డీజిలే.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పంపు షాపుల్లో ఈ పనిని దగ్గరగా చూడవచ్చు. మంచి షాపులో కాలిబ్రేషన్ గది విడిగా, తలుపులు మూసి, దుమ్ము లేకుండా ఉంటుంది. నాజిల్‌ను చేతి టెస్టర్‌కు బిగించి మేస్త్రి పిడిని మెల్లగా నొక్కుతాడు. మీటరు ముల్లు లేస్తుంది, నిర్ణీత అంకె దగ్గర నాజిల్ ఒక్కసారి చిటపటమంటూ కూస్తుంది. ఆ కూత ఉంటే సూది స్వేచ్ఛగా కదులుతున్నట్టు. తర్వాత విప్పుకునే ఒత్తిడికి ఇరవై బార్ తక్కువలో పిడిని పట్టుకుని పది సెకన్లు చూస్తాడు. కొసన చుక్క నిలవకూడదు. ఒత్తిడి తగ్గితే స్ప్రింగు వెనక షిమ్ అనే పలచటి బిళ్లను మారుస్తాడు. ఈ పనిలో ఒక నియమం తప్పదు. నాజిల్ ఎదుట చెయ్యి పెట్టకూడదు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

పంపును బెంచి మీద మోటారుతో తిప్పి, నాలుగు గాజు గొట్టాల్లో పడ్డ నూనెను కొలుస్తారు. ప్లంజర్ ఒకటే కనుక గొట్టాల్లో మట్టాలు సమానంగా ఉండాలి. ఒకదానిలో తేడా వస్తే మేస్త్రి దృష్టి నేరుగా ఆ పైపు డెలివరీ వాల్వు మీదికి పోతుంది.

పంపు తిరిగి ఇంజన్ మీదికి వచ్చాక టైమింగ్. నాలుగు పైపుల మధ్యలో ఉన్న మరను విప్పి అక్కడ డయల్ గేజ్ దూరుస్తారు. ప్లంజర్ అడుగున ఉన్నప్పుడు ముల్లును సున్నాకు పెట్టి, ఇంజన్‌ను చేత్తో తిప్పి మొదటి పిస్టన్‌ను పై అంచుకు తెస్తారు. అప్పుడు ప్లంజర్ ఎంత కదిలిందో ముల్లు చూపుతుంది. సాధారణంగా అది ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, కచ్చితమైన అంకె ఆ ఇంజన్ మాన్యువల్‌లోనే చూడాలి. పాతబడ్డ బెల్టు సాగి ఈ అంకెను తగ్గిస్తుంది. డీజిల్ ఆలస్యంగా పడుతుంది, మరింత వేడి సైలెన్సర్ పాలవుతుంది. చెవితో విని టైమింగ్ పెట్టే పద్ధతి కన్నా ఈ అంకెను నమ్మడం మేలు.

పంపు లోపలి పని తెలిశాక నడిపే తీరు కూడా మారుతుంది. దిగువ రోడ్డు మీద న్యూట్రల్ వేస్తే డీజిల్ ఆదా అని చాలామంది నమ్మకం. గేరులో ఉంచి కాలు తీసేస్తే, గవర్నర్ గుండ్లు కాలర్‌ను పూర్తిగా వెనక్కి లాగేస్తాయి. ఒక్క చుక్క కూడా పడదు, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగకుండా ఉండటానికి పంపు డీజిల్ పోస్తూనే ఉంటుంది, పైగా ఇంజన్ బ్రేకు పోతుంది.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే డీజిల్‌కు గాలి చాలక నల్లపొగ వస్తుంది. వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసేయిస్తే ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు, మైలేజీ పడిపోతుంది. బ్రేకులు పట్టేసి ఉంటే జాకీ మీద చక్రాన్ని చేత్తో తిప్పి తెలుసుకోవచ్చు. టైర్లలో గాలి, చల్లగా ఉన్నప్పుడు, తలుపు దగ్గర రాసిన అంకెకు తగ్గకూడదు. డీజిల్ ఫిల్టరు అడుగున చేరే నీళ్లను వదిలేయడానికి పైసా ఖర్చు లేదు, మైక్రాన్ల సందుల్లో తిరిగే ప్లంజర్‌ను తుప్పు నుంచి కాపాడేది ఆ పనే.

ఇంత చేసినా సుడిగది ఇంజన్ కొత్త కామన్ రైల్ ఇంజన్ అంత మైలేజీ ఇవ్వదు. ఆ గది గోడలు కొంత వేడిని ఎలాగూ మింగేస్తాయి. తయారైన రోజున ఆ కారు ఇచ్చిన మైలేజీకి దగ్గరగా తీసుకురావడమే మనం చేయగలిగింది, అది తక్కువేమీ కాదు. కాబట్టి ట్యాంకులో పోసే మందు సీసాల మీద, పైపుకు తగిలించే అయస్కాంతాల మీద డబ్బు పెట్టకండి. ముందు ఫుల్ ట్యాంకు కొట్టించి, మళ్లీ ఫుల్ చేసేటప్పుడు లీటర్లూ కిలోమీటర్లూ రాసుకోండి. తర్వాత గాలి, ఫిల్టర్లు, బ్రేకులు చూపించండి. అప్పటికీ తేడా ఉంటే కారును పంపు షాపుకు తీసుకెళ్లి, నాజిల్ ఒత్తిడి ఎంత, టైమింగ్ ఎంత అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ అంకెలు చెప్పగలిగిన మేస్త్రి దొరికితే, మీ పాత కారుకు అంతకు మించిన వైద్యుడు ఉండడు.